ముఖాలు దాచుకున్నారు... ప్రపంచమంతా వినిపించారు!

2014 జనవరి 26. లాస్ ఏంజెలిస్‌లో గ్రామీ అవార్డుల రాత్రి. 'ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్' ఎవరిదో ప్రకటించారు. తెల్ల సూట్లు వేసుకున్న ఇద్దరు వేదిక మీదికి వచ్చారు. ఒకరి తలకి బంగారు రంగు హెల్మెట్, ఇంకొకరికి వెండి రంగు హెల్మెట్. మైకు ఎదురుగానే ఉంది. ఇద్దరూ ఒక్క మాటా మాట్లాడలేదు. పక్కనున్న 73 ఏళ్ల పెద్దాయన వాళ్ల తరఫున నాలుగు మాటలు చెప్పి, నవ్వించి, అవార్డు తీసుకుని దిగిపోయాడు.

ఆ ఒక్క రాత్రే వాళ్ల ఆల్బమ్‌కి, అందులోని పాటకి కలిపి ఐదు గ్రామీలు వచ్చాయి. కానీ ఆ రాత్రి హాల్లో ఉన్నవాళ్లలో చాలామందికి వాళ్ల ముఖాలెలా ఉంటాయో తెలీదు. రోడ్డు మీద ఎదురుపడినా గుర్తుపట్టలేరు.

వాళ్లే డాఫ్ట్ పంక్. ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు. ఒక చిన్న గుంపు మాత్రమే వినే సంగీతంతో మొదలై, అమ్మానాన్నలు కూడా తలూపే పాట దాకా వెళ్లారు. దానికి వాళ్లకి 20 ఏళ్లు పట్టింది. మధ్యలో తిట్లు పడ్డాయి, ఫ్లాప్ వచ్చింది, ఏళ్ల తరబడి అడ్రస్ లేకుండా పోయిన రోజులూ ఉన్నాయి. మన ముఖమే మన ప్రొడక్ట్ అయిపోయిన ఈ రీల్స్ కాలంలో, ముఖం చూపించకుండా ఇంత దూరం ఎలా వెళ్లారు?

తిట్టునే పేరుగా పెట్టుకున్నారు

తొమా బాంగల్తేర్, గీ-మాన్యుయెల్ డి ఓమెమ్-క్రిస్తో. 1987లో పారిస్‌లోని లీసే కార్నో స్కూల్లో పరిచయమయ్యారు. (రెండో పేరు నోరు తిరక్కపోతే కంగారు పడకండి. ఫ్యాన్స్ కూడా 'గీ-మాన్' అనేసి ఊరుకుంటారు.) ఇద్దరికీ పాత రాక్ పాటల పిచ్చి, సినిమాల పిచ్చి.

వాళ్లు పదే పదే చూసిన సినిమా ఒకటుంది: 1974లో వచ్చిన 'ఫాంటమ్ ఆఫ్ ది పారడైజ్'. కథ ఏంటంటే, ఒక అమాయక సంగీతకారుడి పాటల్ని పెద్ద రికార్డు కంపెనీ యజమాని కొట్టేస్తాడు. అన్నీ పోగొట్టుకున్న ఆ సంగీతకారుడు వెండి రంగు ముసుగు తగిలించుకుని తిరిగొస్తాడు. ఈ కథని కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

1992లో లారెంట్ బ్రాంకోవిట్జ్ అనే ఇంకో కుర్రాడితో కలిసి 'డార్లిన్' అని బ్యాండ్ పెట్టారు. గిటార్లు, డ్రమ్స్, మామూలు రాక్. ఆ పాటలు విన్న 'మెలోడీ మేకర్' అనే బ్రిటిష్ వారపత్రిక, ఇదంతా 'డాఫ్ట్', అంటే తిక్కతిక్కగా ఉన్న పంక్ గోల అని తీసిపారేసింది. బ్యాండ్ ఎంతో కాలం నిలవలేదు. బ్రాంకోవిట్జ్ వెళ్లి 'ఫీనిక్స్' బ్యాండ్‌లో చేరాడు. (2024 పారిస్ ఒలింపిక్స్ ముగింపు వేడుకలో వాయించింది ఆ బ్యాండే. ముగ్గురూ సెటిలయ్యారన్నమాట!)

మిగిలిన ఇద్దరూ ఆ రివ్యూ చూసి కుంగిపోలేదు. తిట్టునే పేరుగా పెట్టేసుకున్నారు. గిటార్లు పక్కనపెట్టి సింథసైజర్లు, డ్రమ్ మెషిన్లు పట్టుకున్నారు.

అసలు తొమా ఇంట్లోనే డిస్కో ఉంది. వాళ్ల నాన్న డేనియల్ వాంగార్డ్ పాటల రచయిత, నిర్మాత. ఒట్టావాన్ గ్రూప్ పాడిన 'డి.ఐ.ఎస్.సి.ఓ' వెనక ఉన్నది ఆయనే. అదే గ్రూప్ పాట 'తే ఓకే' కూడా ఆయన రాసినవాళ్లలో ఒకడు. 1982 నాటి హిందీ 'డిస్కో డాన్సర్'లో 'జిమ్మీ జిమ్మీ' పాట ఉంది చూశారూ, దానికి మూలం ఆ ఫ్రెంచ్ ట్యూనే. ఆ సినిమానే తెలుగులో బాలకృష్ణ హీరోగా 'డిస్కో కింగ్' అయింది. అంటే డాఫ్ట్ పంక్ పుట్టడానికి పదేళ్ల ముందే వాళ్లింటి గాలి మన దేశానికి తగిలేసింది.

పడగ్గదిలో హోంవర్క్

1993లో పారిస్ దగ్గరి యూరో డిస్నీలో ఒక రేవ్ పార్టీ జరిగింది. అక్కడ గ్లాస్గోకి చెందిన 'సోమా' అనే చిన్న లేబుల్ వాళ్లు కలిశారు. చేతిలో ఒక డెమో టేప్ పెట్టారు. అక్కడ మొదలైంది. 1995లో 'డా ఫంక్' అనే పాట వచ్చింది. గొంతు లేదు, మాటల్లేవు. గరగరమనే ఒక సింథ్ ట్యూన్, కింద బీట్, అంతే. క్లబ్బుల్లో డీజేలు దాన్ని వదల్లేదు.

పెద్ద కంపెనీలు వెంటపడ్డాయి. 1996లో వర్జిన్‌తో సంతకం చేశారు. ఇక్కడే వాళ్ల తెలివి కనిపిస్తుంది. 'ఫాంటమ్' సినిమా పదే పదే చూసిన పిల్లలు కదా! మాస్టర్ రికార్డింగుల మీద హక్కు మాదే, ఏం చేయాలో నిర్ణయం మాదే అన్నారు. వర్జిన్‌కి అమ్మి పంచిపెట్టే హక్కు మాత్రం ఇచ్చారు. అప్పటికి వాళ్ల వయసు ఇరవై ఒకటి, ఇరవై రెండు. మనలో చాలామంది ఆ వయసులో ఆఫర్ లెటర్‌లోని బాండ్ క్లాజు కూడా చదవకుండా సంతకం పెట్టేస్తాం.

1997 జనవరిలో మొదటి ఆల్బమ్ 'హోంవర్క్' వచ్చింది. తొమా ఇంట్లో, పడగ్గదిలో తయారైంది కాబట్టి ఆ పేరు. స్టూడియో అద్దె లేదు, గడియారం చూసే ఇంజినీర్ లేడు. సెకండ్ హ్యాండ్‌లో దొరికే మెషిన్లే ఎక్కువ.

ఆ మెషిన్లలో ఒకదాని కథ చెప్పాలి. రోలాండ్ కంపెనీ 1980ల మొదట్లో టీబీ-303 అనే చిన్న డబ్బా తెచ్చింది. ఒంటరిగా గిటార్ ప్రాక్టీస్ చేసేవాళ్లకి బేస్ గిటార్ తోడు ఇవ్వాలని దాని ఉద్దేశం. బేస్ గిటార్‌లా అస్సలు వినిపించలేదు. ప్రొడక్ట్ ఫ్లాప్. తయారీ ఆగిపోయింది, పాత సామాన్ల కొట్లకి చేరింది. చికాగోలో చేతిలో పెద్దగా డబ్బుల్లేని కుర్రాళ్లు దాన్ని చవగ్గా కొని, నాబ్‌లు ఇష్టమొచ్చినట్టు తిప్పితే వింత శబ్దం వచ్చింది. అదే 1987 నుంచి 'యాసిడ్ హౌస్' అయింది. (ముంబైలో చరణ్‌జీత్ సింగ్ అనే సినిమా సంగీతకారుడు 1982లోనే అదే డబ్బాతో పది రాగాలు వాయించి ఆల్బమ్ చేశాడు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచం నోరెళ్లబెట్టింది.) డాఫ్ట్ పంక్ చికాగో వాళ్ల దారిలోనే నడిచారు. 'హోంవర్క్'లో తమకిష్టమైన డీజేల పేర్లన్నీ వరసగా చదివే పాట ఒకటుంది. మాకు గురువులు వీళ్లు అని ఓపెన్‌గా చెప్పేశారు.

ఇంకో ట్రిక్ కూడా గమనించండి. వాళ్ల పాటల్లో సంగీతమంతా ఊపిరి పీల్చి వదులుతున్నట్టు ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. దాన్ని సైడ్‌చెయిన్ కంప్రెషన్ అంటారు. సింపుల్‌గా చెప్పాలంటే 'డబ్' అని కిక్ డ్రమ్ మోగిన ప్రతిసారీ మిగతా శబ్దాలన్నీ ఒక్క క్షణం తగ్గి దారి ఇస్తాయి, మళ్లీ పైకి లేస్తాయి. పెళ్లి ఊరేగింపులో డప్పు పడ్డప్పుడల్లా గుండె అదిరినట్టు ఉంటుంది కదా, ఆ ఫీలింగ్‌ని ఒక సర్క్యూట్‌లో పెట్టారు. ఇవాళ మనం వినే డ్యాన్స్ పాటల్లో సగానికి సగం ఇదే పద్ధతి.

'అరౌండ్ ది వరల్డ్' అయితే మరీ మొండితనం. పాట మొత్తం అవే మూడు మాటలు. ఆల్బమ్‌లోని పాటలో 144 సార్లు వస్తాయి. మొదట విసుగు, తర్వాత నవ్వు, ఆ తర్వాత మీకు తెలీకుండానే కాలు ఆడుతుంది. మిషెల్ గోండ్రీ తీసిన వీడియోలో ఒక్కో వాయిద్యానికి ఒక్కో డ్యాన్సర్ల గుంపు ఉంటుంది. బేస్ పైకెళ్తే వాళ్లు మెట్లెక్కుతారు, కిందికొస్తే దిగుతారు. పాటని కంటితో డీబగ్ చేసినట్టుంటుంది.

'హోంవర్క్' 20 లక్షలకు పైగా అమ్ముడైంది. కల్ట్ గుంపు చాలా పెద్దదైంది. అయినా వీళ్లు ఫొటోల్లో ముసుగులు, మాస్కులు పెట్టుకునే కనిపించేవారు.

9-9-99 బగ్

1999 నాటి హైదరాబాద్ గుర్తు తెచ్చుకోండి. మనకి గుర్తులేకపోతే అన్నయ్యల్ని, బాబాయిల్ని అడగండి. అమీర్‌పేట నిండా మెయిన్‌ఫ్రేమ్, కోబాల్ కోర్సుల బోర్డులు. వైటూకే బగ్ సరిచేయడానికి మనవాళ్లు వేలల్లో అమెరికా విమానం ఎక్కారు. వైటూకే కన్నా ముందు ఇంకో చిన్న భయం కూడా ఉండేది. పాత ప్రోగ్రాముల్లో డేటా అయిపోయిందని చెప్పడానికి 9999 అని రాసే అలవాటు ఉంది. మరి 1999 సెప్టెంబర్ 9 వస్తే కంప్యూటర్లు 'అయిపోయింది' అనుకుని ఆగిపోతే? ఆ రోజు వచ్చింది, వెళ్లింది, ఎక్కడా ఏమీ కాలేదు.

డాఫ్ట్ పంక్ మాత్రం మాకైంది అన్నారు. సరిగ్గా 1999 సెప్టెంబర్ 9న ఉదయం 9:09కి మా స్టూడియోలో శాంప్లర్ పేలిపోయింది, కళ్లు తెరిచి చూసేసరికి మేం రోబోలమైపోయాం అని కథ అల్లారు. ఒక సాఫ్ట్‌వేర్ బగ్‌ని ఇంత అందంగా వాడుకున్నవాళ్లు ఇంకొకరు లేరేమో.

అప్పటి నుంచి హెల్మెట్లే ముఖాలు. తొమాది వెండి, గీ-మాన్‌ది బంగారం. హాలీవుడ్‌లో స్పెషల్ ఎఫెక్టులు చేసే టోనీ గార్డ్‌నర్ కంపెనీ వాటిని తయారు చేసింది. లోపల ఎల్‌ఈడీలు, వైర్లు. ఇదొక పబ్లిసిటీ స్టంటేగా అనొచ్చు. అవును, స్టంటే. కానీ దానివల్ల వాళ్లకి దక్కిందేంటో చూడండి. స్టేజి మీద సూపర్ స్టార్లు, కూరగాయల మార్కెట్లో మామూలు మనుషులు. వయసు కనపడదు, పెళ్లిళ్లు విడాకులు వార్తలవ్వవు. మాట్లాడుకోవడానికి జనానికి మిగిలింది పాట ఒక్కటే.

ఆరు మార్కులు పదయ్యాయి

2001లో రెండో ఆల్బమ్ 'డిస్కవరీ' వచ్చింది. పాత అభిమానుల్లో కొందరికి మండింది. కారణం 'వన్ మోర్ టైమ్'. రోమాంథనీ గొంతుని ఆటో-ట్యూన్‌లో వేసి పూర్తిగా యంత్రంలా మార్చేశారు. గొంతు అసలు ఇలా ఎవరైనా పాడు చేస్తారా అని గోల. తర్వాతి పదేళ్లలో అమెరికన్ పాప్, ర్యాప్, మన సినిమా పాటలూ అన్నీ ఆ శబ్దంలోకే దిగాయి.

ఆ ఆల్బమ్ అంతా చిన్నప్పటి జ్ఞాపకం లాంటిది. డిస్కో, కార్టూన్లు, మెరుపులు, సిగ్గుపడకుండా సంతోషం. 'ఇది క్లాసా మాసా' అని ఆలోచించని వయసులో పాట ఎలా వింటామో అలా వినిపించాలన్నది వాళ్ల పట్టుదల. మొత్తం ఆల్బమ్‌ని జపాన్ యానిమేషన్ దిగ్గజం లైజీ మత్సుమొటో పర్యవేక్షణలో మాటల్లేని సినిమాగా కూడా తీశారు. పేరు 'ఇంటర్‌స్టెల్లా 5555'. అందులో కథ? గ్రహాంతర బ్యాండ్‌ని ఒక మ్యూజిక్ కంపెనీ పెద్దమనిషి ఎత్తుకొచ్చి, గతం మరిపించి, వాళ్ల చేత హిట్లు కొట్టిస్తాడు. మళ్లీ అదే గొడవ: పాట ఎవరిది?

అమెరికాలో పేరున్న 'పిచ్‌ఫోర్క్' వెబ్ పత్రిక అప్పుడు ఈ ఆల్బమ్‌కి పదికి 6.4 ఇచ్చింది. 2021లో తమ పాత మార్కులు కొన్ని సరిదిద్దుకుంటూ అదే ఆల్బమ్‌ని పదికి పది చేసింది. రీవాల్యుయేషన్‌కి అప్లై చేసుకున్నవాళ్లు ఆశ వదులుకోకండి!

ఈ కథలో ఒక మరక కూడా ఉంది, అది దాటేయడం న్యాయం కాదు. 'వన్ మోర్ టైమ్'లో వినిపించే ఆ ఊపు ఎడ్డీ జాన్స్ అనే గాయకుడి 1979 పాటలోని ముక్క. దాన్ని ముక్కలు చేసి, తిరగేసి, కొత్తగా కుట్టారు. డాఫ్ట్ పంక్ ఆ ముక్కకి డబ్బులు కడుతూనే ఉన్నారు, పాట హక్కులున్న ఫ్రెంచ్ కంపెనీకి. కానీ అసలు పాడిన మనిషికి రూపాయి చేరలేదు. 2021లో ఒక అమెరికన్ పత్రిక ఆయన్ని వెతికి పట్టుకుని రాసేదాకా ఆయన ఎక్కడున్నాడో ఆ కంపెనీకే తెలీదు. తమ హక్కులు తాము కాపాడుకోవడం నేర్చుకున్న ఇద్దరి పాట కిందే, హక్కు పోగొట్టుకున్న ఇంకో మనిషి గొంతుంది. శాంపిల్ చేయడం కళే. ఆ డబ్బు చివరిదాకా ఎవరికి చేరిందో చూసే వ్యవస్థ మాత్రం ఇప్పటికీ బీటా వెర్షన్‌లోనే ఉంది.

ఫ్లాప్, ఆ తర్వాత పిరమిడ్

2005లో 'హ్యూమన్ ఆఫ్టర్ ఆల్'. ఆరువారాల్లో చేసేశారు. కఠినంగా, కటువుగా, ఒకటే ముక్క తిప్పి తిప్పి కొట్టినట్టుంటుంది. ఇంటర్వ్యూలు ఇవ్వమన్నారు. రివ్యూలు ఉతికేశాయి. ఇక వీళ్ల పని అయిపోయింది అన్నారు. 2006లో మాటలు దాదాపు లేని 'ఎలక్ట్రోమా' అనే సినిమా తీస్తే, మనుషులు కావాలనుకునే రెండు రోబోలు ఎడారిలో నడుస్తూనే ఉంటాయి. అది కూడా కొందరికే ఎక్కింది.

ఇలాంటి టైంలో, 2006 ఏప్రిల్ 29న, కాలిఫోర్నియా ఎడారిలో కోచెల్లా ఫెస్టివల్. 1997 తర్వాత అమెరికాలో వాళ్ల మొదటి షో. పెద్ద స్టేజి కూడా కాదు, ఒక డేరాలో. లోపల ఎంతమందో, బయట కూడా అంతమంది. తెర తొలగింది. ఎదురుగా ఎల్‌ఈడీలతో మెరిసే పెద్ద పిరమిడ్. దాని మధ్యలో రెండు హెల్మెట్లు.

ఆ రాత్రి వాళ్లు పాటల్ని వరసగా వేయలేదు. ఒకదాని మీద ఇంకోటి పెట్టారు. 'హోంవర్క్' బేస్, 'డిస్కవరీ' గొంతు, ఫ్లాప్ అన్న మూడో ఆల్బమ్ డ్రమ్స్ అన్నీ ఒకేసారి. అప్పుడు తెలిసింది, ఆ మూడో ఆల్బమ్‌లోని కటువైన ముక్కలు ఇక్కడ ఎంత బాగా అతుకుతాయో. ఫెయిలైందనుకున్న మాడ్యూల్ సిస్టమ్ మొత్తాన్ని నిలబెట్టింది.

ఇంకో అదృష్టం కూడా కలిసొచ్చింది. యూట్యూబ్ మొదలై అప్పటికి ఏడాదే. చేతి కెమెరాల్లో తీసిన వణికే వీడియోలు ప్రపంచమంతా తిరిగాయి. ఆ షోతోనే 2007లో దేశాలు తిరిగారు. అరచేతుల మీద 'హార్డర్, బెటర్, ఫాస్టర్, స్ట్రాంగర్' మాటలు రాసుకుని పాటకి తగ్గట్టు తిప్పే 'డాఫ్ట్ హ్యాండ్స్' వీడియో యూట్యూబ్‌లో వైరల్ అయింది. అదే ఏడాది కాన్యే వెస్ట్ ఆ పాట ముక్కతో 'స్ట్రాంగర్' చేశాడు. అది అమెరికా బిల్‌బోర్డ్ చార్టులో నంబర్ వన్. డాఫ్ట్ పంక్ ఎవరో తెలీని కోట్లమందికి వాళ్ల శబ్దం తెలిసిపోయింది.

పారిస్‌లోని బెర్సీలో 2007 జూన్‌లో జరిగిన షో 'అలైవ్ 2007' పేరుతో ఆల్బమ్‌గా వచ్చి గ్రామీ కొట్టింది. ఆ టూర్ చూసిన కుర్రాళ్లే తర్వాత పెద్ద డీజేలయ్యారు, వాళ్లలో స్క్రిలెక్స్ ఒకడు. పెద్ద తెరలు, లైట్లు, స్టేజి మీద ఒక ఆకారం, కింద వేలమంది ఎగరడం. ఇవాళ సన్‌బర్న్‌లో చూసే ఈడీఎం షోకి తాత ఆ పిరమిడే.

రివర్స్ గేర్

ఇప్పుడు మామూలు మనిషైతే ఏం చేస్తాడు? ఈడీఎం మార్కెట్ ఊపందుకుంది. ప్రపంచంలో ఎక్కడ పిరమిడ్ వేసినా టికెట్లు నిమిషాల్లో అయిపోతాయి. ఏడాదికి రెండు టూర్లు వేసుకుంటే తరతరాలకి సరిపోతుంది.

వీళ్లు 2010లో 'ట్రాన్: లెగసీ' సినిమాకి 85 మంది ఆర్కెస్ట్రాతో సంగీతం చేశారు. ఆ తర్వాత ల్యాప్‌టాప్‌లు మూసేసి, అసలు మనుషుల్ని పిలిచారు. 1970ల డిస్కోకి ప్రాణం పోసిన షిక్ బ్యాండ్ గిటారిస్ట్ నైల్ రోజర్స్. సింథసైజర్‌ని డ్యాన్స్ ఫ్లోర్ మీదికి తెచ్చిన ఇటాలియన్ జార్జియో మొరోడర్. బేస్‌కి నేథన్ ఈస్ట్, డ్రమ్స్‌కి ఒమర్ హకీమ్. పాడటానికి ఫారెల్ విలియమ్స్. ఇంకా పాల్ విలియమ్స్. గ్రామీ వేదిక మీద వాళ్ల తరఫున మాట్లాడిన పెద్దాయన ఈయనే. 'ఫాంటమ్ ఆఫ్ ది పారడైజ్'కి పాటలు రాసి, అందులో పాటలు కొట్టేసే రికార్డు కంపెనీ యజమానిగా నటించిందీ ఈయనే!

ఈ ఆల్బమ్ పేరు 'రాండమ్ యాక్సెస్ మెమొరీస్'. ర్యామ్ అని మనకి తెలిసిన మాటకి చివర జ్ఞాపకాలు తగిలించారు. 13 పాటల్లో శాంపిల్ ఉన్నది ఒక్కదాంట్లోనే. మిగతావన్నీ మనుషులు వాయించినవి.

మొరోడర్ తన జీవితకథ చెప్పే పాట ఒకటుంది. ఆయన స్టూడియోకి వెళ్తే ఎదురుగా ఒక్కటి కాదు, చాలా మైకులున్నాయట. ఒకటి పాడైతే ఇంకోటి అనుకున్నాడు. కాదు, 1960ల మాటలకి ఆ కాలం మైకు, 70ల మాటలకి ఆ కాలం మైకు. ఆ తేడా వినేవాళ్లెవరికి తెలుస్తుంది అని అడిగితే, ఎవరికీ తెలీదు, తొమాకి తెలుస్తుంది అన్నాడట ఇంజినీర్. కోడ్ రాసేవాళ్లకి ఈ మాట వెంటనే ఎక్కుతుంది. ఎవరూ చదవని ఫంక్షన్‌ని కూడా శుభ్రంగా రాసే మనిషి ప్రతి టీమ్‌లో ఒకడుంటాడు. డెడ్‌లైన్ దగ్గర అతన్నే తిట్టుకుంటాం.

ప్రచారం కూడా పాత పద్ధతే. అమెరికన్ టీవీ షో మధ్యలో 15 సెకన్ల యాడ్. కోచెల్లా తెరల మీద హఠాత్తుగా చిన్న వీడియో. ఆల్బమ్ ఆవిష్కరణ ఆస్ట్రేలియాలోని వీ వా అనే చిన్న పల్లెటూళ్లో, అక్కడి వ్యవసాయ సంతలో! వీళ్లు మాత్రం వెళ్లలేదు.

2013 ఏప్రిల్‌లో 'గెట్ లక్కీ' వచ్చింది. బ్రిటన్‌లో నంబర్ వన్, అమెరికాలో నంబర్ టూ. మా ఇంజినీరింగ్ హాస్టల్ ల్యాన్‌లో 'ఇంగ్లిష్ సాంగ్స్' అని ఒక ఫోల్డర్ తిరుగుతుండేది. లింకిన్ పార్క్, ఎమినెమ్, అకాన్ మధ్యలో ఈ పాట ఉండేది. ఎలక్ట్రానిక్ మ్యూజిక్ అంటే ఏంటో తెలీనివాళ్లు కూడా దాన్ని డిలీట్ చేసేవాళ్లు కాదు. మెయిన్‌స్ట్రీమ్ అంటే అదే కదా. ఎవరు చేశారో తెలీకుండానే పాట మన ఫోన్లో ఉండిపోవడం.

అవార్డులొచ్చాయి. 2016లో ది వీకెండ్‌తో 'స్టార్‌బాయ్' చేశారు. 2017 జనవరిలో అది బిల్‌బోర్డ్ నంబర్ వన్ అయింది. డాఫ్ట్ పంక్ పేరు మీద అక్కడ అదే మొదటి నంబర్ వన్, అదే చివరిది. ఆ ఏడాది జులై 14న ఫ్రాన్స్ జాతీయ దినోత్సవ పరేడ్‌లో సైనిక బ్యాండ్ వాళ్ల పాటలు వాయించింది, మాక్రాన్, ట్రంప్ చూస్తుండగా. తిక్క గోల అనిపించుకున్న పేరు, 24 ఏళ్లకి దేశ గౌరవమైంది.

చివరి బటన్

2021 ఫిబ్రవరి 22న యూట్యూబ్‌లో ఎనిమిది నిమిషాల వీడియో ఒకటి పెట్టారు. పేరు 'ఎపిలాగ్'. పాత 'ఎలక్ట్రోమా' సినిమాలోని దృశ్యమే. ఒక రోబో వీపు మీది బటన్ ఇంకో రోబో నొక్కుతుంది. కొద్దిసేపటికి అది పేలిపోతుంది. 28 ఏళ్ల ప్రయాణం అలా ముగిసింది. వీడ్కోలు టూర్ లేదు, కారణం చెప్పలేదు.

ఆ తర్వాత తొమా హెల్మెట్ తీసేశాడు. 'మిథాలజీస్' అనే బ్యాలేకి పూర్తిగా ఆర్కెస్ట్రా సంగీతం రాశాడు. ఇన్నాళ్లూ రోబో వేషం వేసిన తనకి, 2023 నాటి ప్రపంచంలో అస్సలు కావాలనిపించనిది రోబో అవ్వడమే అని ఇంటర్వ్యూలో చెప్పాడు.

ఈ మాట దగ్గర కాస్త ఆగాలి. ఇవాళ రెండు లైన్లు టైప్ చేస్తే అర నిమిషంలో పాట కట్టి ఇచ్చే ఏఐ మన ఫోన్లలో ఉంది. డాఫ్ట్ పంక్ స్టైల్లో బీట్ కావాలంటే అది కూడా ఇస్తుంది. మా ఆఫీసుల్లో రోజూ నడిచే చర్చ కూడా ఇదే: కోడ్ మెషిన్ రాస్తే మనమేం చేయాలి? యంత్రాలంటే పడని కళాకారులు ఇలాంటి టైంలో భయపడటం మామూలే. కానీ వీళ్లు యంత్రాలతో పెరిగినవాళ్లు. యంత్రాన్ని ప్రేమించినవాళ్లు. ఫెయిలైన డబ్బాలోంచి, ముక్కలు చేసిన పాత రికార్డులోంచి, ఆటో-ట్యూన్‌లోంచి మనిషి ఊపిరిని బయటికి తీయడమే వాళ్ల పని. బయట లోహం, లోపల నాడి. ఇప్పుడు వస్తున్నది దానికి తలకిందులు. బయటికి మనిషి గొంతే వినిపిస్తుంది, లోపల ఎవరూ ఉండరు.

వాళ్ల 28 ఏళ్లలో స్టూడియో ఆల్బమ్‌లు నాలుగే. మన అల్గారిథమ్ లెక్కలో ఇది ఘోరమైన పోస్టింగ్ ఫ్రీక్వెన్సీ. ప్రతి హిట్ తర్వాతా జనం అడిగింది ఇవ్వలేదు. తమకి కావాల్సింది చేసి, జనం వచ్చేదాకా ఆగారు. కొన్నిసార్లు నాలుగేళ్లు, కొన్నిసార్లు ఎనిమిదేళ్లు. ఆగగలిగారంటే కారణం, 1996లో సంతకం పెట్టేముందు చదివిన ఆ కాంట్రాక్ట్. పాట వాళ్లది కాబట్టి టైం కూడా వాళ్లదే అయింది.

మొదటిసారి వింటున్నారా? ఇలా మొదలుపెట్టండి

• గెట్ లక్కీ: ఇంట్లో అందరూ ఉన్నప్పుడు. ఎవరూ ఆపమనరు. నైల్ రోజర్స్ గిటార్ మీద ధ్యాస పెట్టండి.

• వన్ మోర్ టైమ్: ప్రయాణం మొదట్లో. మధ్యలో బీట్ మాయమై గొంతు మాత్రమే మిగిలే చోటుంది, అక్కడ స్కిప్ చేయొద్దు.

• అరౌండ్ ది వరల్డ్: మొదటిసారి వీడియోతోనే. ఏ డ్యాన్సర్ల గుంపు ఏ వాయిద్యమో కనిపెట్టే ఆట ఆడండి.

• అలైవ్ 2007: మొత్తం ఆల్బమ్, మధ్యలో ఆపకుండా. జిమ్‌కి బాగా పనికొస్తుంది.

• జార్జియో బై మొరోడర్: మంచి హెడ్‌ఫోన్స్, తొమ్మిది నిమిషాల తీరిక కావాలి. ముందు ఒక ముసలాయన కబుర్లు చెబుతుంటాడు, చివరికొచ్చేసరికి డ్రమ్స్ తుఫానులా విరుచుకుపడతాయి. మైకు ఎక్కడ మారిందో మీకు వినిపిస్తుందేమో చూడండి.